చెరిగిపోయిన మూతలు

ఎలుక మెదడు అడుగున కందిగింజంత ముక్క ఒకటి ఉంటుంది. దాన్ని హైపోథాలమస్ అంటారు. ఆకలి సంగతి ఒంటికి తెలిపేది అదే. ఆ ముక్కను చితికిపోకుండా తీయడంలో ఆ ల్యాబ్‌లో పిన్ని తరువాతే ఎవరైనా. ఇరవై రెండేళ్లుగా అక్కడ టెక్నీషియన్‌గా పనిచేస్తోంది కాబట్టి ఆమె అందరికీ పిన్నే. ఎలుకలకూ పిన్నే అని అటెండరు వేళాకోళమాడతాడు.

పరిశోధన మాత్రం పీహెచ్‌డీ అమ్మాయిది. మెదడులో గ్లుటమేట్ అనే రసాయనం తెచ్చే కబురును కణాల మీది రిసెప్టర్లు అందుకుంటాయి. పస్తున్నప్పుడు ఆ రిసెప్టర్ల జన్యువులు ఎక్కువగా పనిచేస్తాయా అన్నది ఆమె ప్రశ్న. పన్నెండు ఎలుకలను రోజంతా పస్తు ఉంచారు, పన్నెండింటికి తిండి పెట్టారు. నెలాఖరుకు ఆమె గడువు ముగుస్తుంది. మళ్లీ ఎలుకలు ఇవ్వరు.

ఆ ఉదయం ఫ్రీజర్‌లోంచి మెదడు ముక్కలున్న ట్యూబులు తీసిన అమ్మాయి అలాగే నిలబడిపోయింది. ఇరవై నాలుగు మూతల మీదా ఏ ముక్క ఏ ఎలుకదో చెప్పే ఒక్క అక్షరం లేదు.

"పిన్నీ, వీటి మీద దేనితో రాశావు?"

పిన్నికి అప్పుడు గుర్తొచ్చింది. ఆల్కహాల్‌కు చెరగని మార్కర్ అయిపోతే మామూలు పెన్నుతో రాసేసింది. ట్యూబులను గడ్డకట్టించింది చల్లటి ఆల్కహాల్‌లో ముంచి; సిరా అందులోనే కరిగిపోయింది. మూతల మీద మామూలు పెన్ను వాడొద్దన్నదే కొత్తవాళ్లకు ఆమె చెప్పే మొదటి పాఠం. పాఠం చెప్పే మనిషే పప్పులో కాలేసింది.

"వరుసైనా గుర్తుందా?"

"అన్నీ ఒకే డబ్బాలో పోశాను తల్లీ."

అమ్మాయి తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మూడు రోజులు తలవంచుకుని ఏ ముక్కలో ఆ జన్యువులు ఎంత పనిచేశాయో కొలిచింది. సగం ట్యూబుల్లో అంకెలు ఎక్కువ వచ్చాయి, సగంలో తక్కువ.

"ఎక్కువ వచ్చినవి పస్తున్న ఎలుకలవని రాస్తాను," అంది కంప్యూటర్ వైపే చూస్తూ. "నువ్వు నోరు మెదపకపోతే చాలు."

"ముందు జవాబు రాసుకుని తరువాత లెక్క చేసినట్టుంటుందే."

"నీతులు చెప్పకు పిన్నీ. కొంప ముంచింది నువ్వు."

కాదనడానికి ఏముంది? పిన్ని కుర్చీ అంచున కూర్చుంది.

"పస్తున్నవాటిలోనే ఎక్కువ వస్తుందని ముందే తెలిస్తే, వాటి కడుపు ఎందుకు మాడ్చాం?"

"మరి ఇంట్లో ఏం చెప్పను? ఐదేళ్లు పోయాయని చెప్పనా?"

 పిన్ని లేచి, ల్యాబ్ ప్రొఫెసర్ గదికి వెళ్లి, తప్పు తనదేనని చెప్పింది. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఆ అమ్మాయికి తెలుసా?"

"తెలుసు సార్. మీకు చెప్పమని పంపింది తనే."

వెనకే వచ్చిన అమ్మాయి గుమ్మంలో ఆగి ఆ మాట విన్నది. ఒక అడుగు లోపలికి వేసి, "అవును సార్," అంది.

గడువు పొడిగించలేదు. నెలాఖరున అమ్మాయి పట్టా లేకుండానే తన పుస్తకాలు సర్దుకుంది. పిన్ని సంచీ పట్టుకోబోతే, "వద్దు, నేను మోసుకుంటాను," అని ఒక్కతే మెట్లు దిగిపోయింది.