ఫొటోలు మాత్రం కదల్లేదు

ప్రత్తిపాడు రోడ్డులోని మిర్చి కోల్డ్ స్టోరేజీకి రెబ్కా కొత్త ఇంటర్నెట్ లైను వేసింది. మర్నాడు పొద్దున్నే అక్కడి సూపర్‌వైజర్ మల్లేశ్వరి ఫోన్ చేసింది.

"అమ్మాయ్, నీ లైను సగమే పనిచేస్తోంది. గదుల చలి ఎంతుందో గుంటూరు ఆఫీసుకి తెలుస్తోందంట. కాయల ఫొటోలు పెడితే మాత్రం తిరుగుతానే ఉంది."

రెబ్కాకు అంతుపట్టలేదు. లైను ఉంటే అన్నీ వెళ్లాలి, లేకపోతే ఏదీ వెళ్లకూడదు. బండేసుకుని వెళ్లింది. గేటు దాటగానే ఘాటుకి తుమ్ములు అందుకున్నాయి. కేబుల్ మార్చింది, రూటర్ మార్చింది. ఫొటో కదల్లేదు.

"పాత లైనులో బానే వెళ్లేయమ్మా," అంది మల్లేశ్వరి.

రెబ్కాకు తన పనిమీదే అనుమానం పుట్టింది. ఈ కొత్త లైనుకు ఐపీవీ6 అనే కొత్త చిరునామాల పద్ధతి తప్ప మరొకటి తెలియదు. స్టోరేజీలోని యంత్రాలకేమో పాత ఐపీవీ4 ఒక్కటే తెలుసు. అందుకని రూటర్ ప్రతి పాత పాకెట్‌నూ, అంటే ప్రతి డేటా ముక్కనూ, కొత్త పాకెట్ లోపల పెట్టి పంపుతుంది, అవతల విప్పుతారు. అదంతా నిన్న తనే అమర్చింది. దారి ఒకటే అయినప్పుడు కొన్ని దాటి కొన్ని ఆగడమేమిటి?

తమ ఇంటర్నెట్ కంపెనీ ఆఫీసులో ఉన్న ప్రకాష్‌కి ఫోన్ చేసింది.

"పాకెట్ సైజు పెంచుకుంటా పంపి చూడక్కా," అన్నాడతను.

ఒక్కొక్క బైటే పెంచుతూ పోయింది. 1460కి జవాబొచ్చింది. 1461కి రాలేదు. మళ్లీ చేసినా అంతే. ఆ అంకెను చాలాసేపు చూసింది. లైను ఒక్కో పాకెట్‌లో మోసేది 1500 బైట్లే. పైన తొడిగే కొత్త పాకెట్ తలకట్టుకే, అంటే చిరునామా ఉండే చోటికే, 40 పోతుంది. చలి వివరాలు చిన్నవి కనుక దాటుతున్నాయి. ఫొటోల పాకెట్లు నిండుగా ఉండటంతో పట్టడం లేదు.

రూటర్‌లో పాకెట్ సైజు 1460 దాటకుండా పెట్టింది. ఫొటో వెళ్లింది.

"ఏం చేశావు?"

"లోపల పెట్టే పాకెట్‌ని నలభై తగ్గించానండి. పైన తొడుగుకి చోటు కావాలి."

"మరి పట్టనప్పుడు పట్టలేదని వెనక్కి చెప్పాలిగా?" అంది మల్లేశ్వరి.

సామాను సర్దుతున్న రెబ్కా ఆగింది. చెప్పాలి. పాకెట్ పెద్దదైందని పంపినచోటికి కబురు రావాలి. రాలేదు. మధ్యలో ఎక్కడ పోయిందో, ఎవరు ఆపారో తెలియదు.

"అదే నాకూ అర్థం కాలేదండి," అంది. పని పూర్తయినా బండి దగ్గరకి పోకుండా మళ్లీ కుర్చీలో కూర్చుంది.