పరదేశి రిజిస్టరులో ఇద్దరు పిల్లలు

కామేశం వారం రోజులుగా నడక మార్చాడు.

కాళ్లు ఎడంగా వేసి, అడుగు తరువాత అడుగు చూసుకుంటూ నడుస్తున్నాడు. ఆఫీసుకు సైకిలు మానేశాడు. కుర్చీలో కూర్చునేముందు ఒక్క క్షణం ఆగి, పెదవి బిగించి, అప్పుడు కూర్చుంటున్నాడు. అదేవిటని అడిగితే తొడ మొదట్లో సెగగడ్డ లేచిందన్నాడు.

భార్య వరహాలక్ష్మి నమ్మింది. పెళ్లయిన పదేళ్లలో ఆయన చెప్పినవన్నీ నమ్మినట్టే దీన్నీ నమ్మింది. రోజూ పొద్దున్నే వేపాకూ పసుపూ నూరి, గిన్నెలో పెట్టి, గది గుమ్మం దగ్గర ఉంచేది. ఆయన గిన్నె లోపలికి తీసుకుని తలుపు వేసుకునేవాడు.

బుధవారం పదకొండు గంటలకి ఎవరో వీధి తలుపు కొట్టారు. అత్తగారు కమలాంబ వినాయకుడి గుడికి వెళ్లింది. కామేశం ఆఫీసులో ఉన్నాడు. వరహాలక్ష్మి తలుపు తీసింది.

ఖాకీ చొక్కా మనిషి. ఒక చేతిలో రేకుపెట్టె, చంకలో పొడుగాటి రిజిస్టరు.

"కామేశం బాబుగారి ఇల్లిదేనా అమ్మా? నాను పరదేశిని. కేంపు డ్రెస్సర్ని. బాబుగారు నిన్న రావాల, రానేదు. కుట్లిప్పకపోతే సీము పడతాది. ఆ మాటొచ్చేది నాకు."

"కుట్లేవిటి? ఆయనకి సెగగడ్డ కదా?"

పరదేశి పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు. "ఇంట్లో అలాగ సెప్పేరేటి? మగోళ్లందరూ అంతేనమ్మా. కత్తికి బెదరరు గానీ మాటకి సిగ్గుపడతారు. కుటుంబ నియంత్రణ ఆపరేషను కదమ్మా! ఎల్లిన మంగళవారం కేంపులో ముప్పయ్యేడు మందికి సేసేరు. బాబుగారిది పద్నాలుగో నెంబరు." లోపలికి తొంగిచూశాడు. "పిల్లలిద్దరూ బడికెల్లేరా?"

వరహాలక్ష్మి గుమ్మం పట్టుకుంది.

"ఏ పిల్లలు?"

"మీ పిల్లలేనమ్మా. ఇద్దరుంటే గానీ కేసు రాసుకోకూడదు కదా." పరదేశి రిజిస్టరు తెరిచి వేలితో చూపించాడు. "ఇదిగో. బాబు పద్మనాభం, ఎనిమిదేళ్లు. పాప రమామణి, ఐదేళ్లు. కింద మీ సంతకం. మీరే ఎట్టేరు కదా?"

సంతకం ఆమెదే. 'వ' తలకట్టు దగ్గర చిన్న సున్న చుట్టడం కూడా ఆమెదే. అయితే ఆమె పెట్టలేదు.

సంతకం సంగతి తరువాత. ముందు ఆ పేర్లు చూసింది. పెళ్లయిన ఏడాది కార్తీకంలో ఇద్దరూ పద్మనాభం కొండెక్కారు. మెట్ల మీద ఆయాసపడుతూ ఆయన అన్నాడు, "అబ్బాయి పుడితే పద్మనాభం." ఆమె అంది, "అమ్మాయి పుడితే మా అమ్మ పేరు. రమామణి." ఆ రెండు పేర్లూ మూడో మనిషికి తెలియవు. పదేళ్లుగా ఆమె ఎవరికీ వినపడకుండా తలుచుకుంటున్న పేర్లు, ఆస్పత్రి రిజిస్టరులో, నల్లసిరాతో, వయసులతో సహా ఉన్నాయి.

ఆమె కన్నీళ్లు పెట్టలేదు. లెక్క చూసుకుంది.

అవి ఎమర్జెన్సీ రోజులు. ప్రతి గుమాస్తా రెండు ఆపరేషను కేసులు తేవాలని, తేకపోతే జీతం ఆపేస్తారని కామేశం నెలరోజులుగా ఇంట్లో గోల పెడుతున్నాడు. అది నిజం. ఎల్లుండి శుక్రవారం మాడుగుల నించి గణపతిరావు అనే పెద్దమనిషి వస్తున్నాడు. ఆయన కూతుర్ని కామేశానికి ఇవ్వాలని మాటలయ్యాయి. అదీ నిజం. ప్రభుత్వోద్యోగికి ఇద్దరు భార్యలు కుదరదు కాబట్టి, వకీలు ఒక కాగితం రాసిచ్చాడు. 'నా శరీరంలోని లోపం వల్ల సంతానం కలగనందున, ఇష్టపూర్వకంగా నా భర్త నుంచి విడిపోవుటకు అంగీకరిస్తున్నాను.' శుక్రవారం పెద్దమనిషి ఎదుట వరహాలక్ష్మి దాని మీద సంతకం పెట్టాలి. పెట్టి, చీడికాడలో తమ్ముడింటికి పోవాలి. వంటింటి పక్క గది ఖాళీ చేశానని తమ్ముడు ఉత్తరం కూడా రాశాడు.

పిల్లల కోసం రెండో పెళ్లికి సిద్ధపడ్డ మగవాడు, ఆ పెళ్లి మాటల ముందు ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషను ఎందుకు చేయించుకుంటాడు?

ఒక్కటే జవాబు. ఎలాగూ పుట్టరని వాడికి ముందే తెలుసు.

"అమ్మా, పిల్లల్లేరేటి?" పరదేశి గొంతు సన్నబడింది. ఇంట్లో ఎక్కడా ఒక పలకగానీ, చిన్న చెప్పుల జతగానీ లేకపోవడం అతనూ గమనించాడు. "తల్లీ, ఈ రాత రాసింది నాను కాదు. బాబుగారు సెప్పేరు, గుమస్తా రాసేడు. ఇది బయటికొస్తే నా ఉజ్జోగం..."

"నీ రిజిస్టరు జోలికి నేను రాను పరదేశీ. శుక్రవారం పొద్దున్న పదిన్నరకి వచ్చి, నీ పని నువ్వు చేసుకెళ్లు. అప్పుడు ఆయన ఇంట్లోనే ఉంటారు. సెలవు పెట్టేరు."

"నిజిమే కదా?"

"ఈ ఇంట్లో నేనొక్కర్తినే నిజం చెప్తాను."

ఆ రెండు రోజులూ ఆమె వేపాకు నూరుతూనే ఉంది.

శుక్రవారం గణపతిరావు మాడుగుల బస్సు దిగి పదింటికి వచ్చాడు. బట్టల దుకాణం మనిషి, తెల్లటి పంచె, మెత్తటి మాట. చేతిలో హల్వా పొట్లం. కమలాంబ ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, పొట్లం అందుకుని బల్ల మీద పెట్టింది. కామేశం ఎదురుగా నిలబడ్డాడు.

"కూర్చోండి బాబూ," అన్నాడు గణపతిరావు.

"పర్లేదండి. నిలబడ్డం అలవాటు."

కమలాంబ కాగితం, కలం తెచ్చి కోడలి ముందు పెట్టింది. "ఊఁ, కానీవే. మంచి ఘడియ దాటిపోతుంది. కాయని చెట్టుకి పదేళ్లు నీళ్లు పోసేను, ఇంకెవరైనా పోస్తారా?"

గణపతిరావు ఇబ్బందిగా కదిలాడు. "అమ్మా, నీ ఇష్టం లేకుండా అయితే మాకొద్దు. నీ నోటితో ఒక్కమాట సెప్పు."

"మీ అమ్మాయి పేరేవిటండీ?" వరహాలక్ష్మి అడిగింది.

"ఇంట్లో సిన్నతల్లి అంటాం. పందొమ్మిది నిండేయి."

"నేను ఈ ఇంటికి వచ్చినప్పుడు నాకూ పందొమ్మిదే." గోడ గడియారం చూసింది. పది ఇరవై ఎనిమిది. "మీ అమ్మాయికి చేదు మందులు పడతాయాండీ? ఇక్కడ రోలుగుంట వేరుమందు పోస్తారు. మూడు రోజులు వాంతులవుతాయి. విశాఖపట్నంలో బల్లమీద పడుకోబెట్టి లోపల గీకుతారు. నాకు రెండుసార్లు గీకేరు. వీధిలో ఎవరింట సీమంతమైనా పిలవరు. పిలవకపోయినా ఫరవాలేదు, మనం వీధిలో వెళ్తుంటే చంటిపిల్ల మొహం మీద కొంగు కప్పుతారు. అది అలవాటు కావడానికి కొంచెం టైం పడుతుంది."

"ఏవిటే ఆ అశుభం మాటలు!" కమలాంబ గసిరింది. "ముందు సంతకం పెట్టు!"

"నా సంతకం నాకన్నా ఆయనకే బాగా వస్తుంది. ఆయన్నే పెట్టమనండి అత్తయ్యగారూ."

కామేశం తల చటుక్కున లేచింది. అదే క్షణంలో వీధి గుమ్మం దగ్గర దగ్గు వినపడింది.

"బాబుగారూ, నాను పరదేశిని."

కామేశం ఎడంగా అడుగులు వేస్తూ గుమ్మం వైపు నడిచాడు. "ఇప్పుడు కాదు. పో! తరవాత నేనే వస్తాను, పో!"

"అలాగే అని పది రోజులు సేసేరు బాబూ. లోపల గదిలోకి నడవండి. రెండే కుట్లు. సీమ కుట్టినంత."

"ఎవడ్రా నువ్వు?" అంది కమలాంబ.

"కుట్లిప్పేవోణ్ని తల్లీ."

"ఏ కుట్లు?" ఈసారి అడిగింది గణపతిరావు.

పరదేశి అందరి మొహాలూ చూశాడు. వరహాలక్ష్మి వైపు చూశాడు. ఆమె తల ఊపింది.

"పిల్లలు పుట్టకండా కేంపులో కోసిన కుట్లు బాబూ."

అందరికన్నా ముందు కమలాంబ అరిచింది. "అబద్ధం! వాడికి సెగగడ్డ! ఒరే కామేశం, చెప్పరా!"

కామేశం గోడ పట్టుకున్నాడు. "ఉద్యోగం పోతుందన్నారమ్మా. ఏజెన్సీకి బదిలీ చేస్తామన్నారు. రెండు కేసుల కోసం మూడూళ్లు తిరిగేను. ఒకచోట కర్రలు పట్టుకుని తరివేరు. కేసులు దొరక్కపోతే నన్నే కోయించుకోమన్నారు. ఏం చెయ్యమంటావు?"

"బాగుంది," అంది వరహాలక్ష్మి. "ఉద్యోగం కోసం కోయించుకున్నారు. అది నేను తప్పనను. అయితే ఇవాళ ఈ పెద్దాయన్ని ఎందుకు రమ్మన్నారు? వారి అమ్మాయికి పిల్లలు ఎక్కణ్ణించి వస్తారు?"

కామేశం మొహం తిప్పుకున్నాడు.

"డెబ్బయ్యొకటిలో విశాఖపట్నంలో మీకూ పరీక్ష చేసేరు. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. మీరు బయటికొచ్చి, 'నాకేం లోపం లేదుట' అన్నారు. డాక్టరు నిజంగా ఏం చెప్పేడు?"

"లోపలికి రా, చెప్తాను."

"ఇక్కడే చెప్పండి. నాకు గొడ్రాలని పేరు పెట్టింది ఈ హాల్లోనే కదా?"

కామేశం నేల చూశాడు. ఫైలు చదువుతున్న గుమాస్తా గొంతుతో అన్నాడు: "నాలో బీజం లేదన్నాడు. మందు కూడా లేదన్నాడు."

కమలాంబ కింద కూలబడింది.

వరహాలక్ష్మి గొంతు అప్పుడు లేచింది. ఆ వీధిలో ఎవరూ పదేళ్లుగా వినని గొంతు అది.

"ఆ రోజు తిరుగు బస్సులో నేను ఏడుస్తున్నాను. అనకాపల్లిలో బస్సాగితే దిగి నాకు జీళ్లు కొనుక్కొచ్చేరు. గుర్తుందా? నా చేతిలో పెట్టి ఏవన్నారు? 'పోన్లే, నేను నిన్నేం అన్లే' అన్నారు. మీరు నన్ను క్షమించేరు! తెలిసి తెలిసి నన్ను క్షమించేరు! ఆ జాలికి నేను అయిదేళ్లు మీ కాళ్లు కళ్లకద్దుకున్నాను. రెండోసారి నన్ను బల్లెక్కించింది ఆ తరవాత కాదూ? వేరుమందు తాగి నేను గుడ్లు తేలేస్తే నా తల పట్టుకుని కూర్చున్నది మీరే కాదూ? అప్పుడైనా ఒక్కమాట... ఒక్కమాట అంటే చాలేది కదండీ. లేని పిల్లల కోసం నేను మిమ్మల్ని వదిలిపోయేదాన్నా?"

గణపతిరావు లేచి నిలబడ్డాడు. మెత్తటి మాట పోయింది.

"ఒరే, మా గుంట సిన్నతల్లికీ ఇదే సేసీవోడివి కదరా! ఇంకో పదేళ్లకి దాన్నీ మాడుగుల బస్సెక్కించీసి మూడోదాన్ని సూసుకుందువు." వరహాలక్ష్మికి చేతులు జోడించాడు. "తల్లీ, నా కూతుర్ని కాసేవు." చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే మెట్లు దిగిపోయాడు.

కమలాంబకి అప్పటికి గొంతు వచ్చింది. "పరాయివాళ్ల ముందు మొగుడి పరువు తీసేవు కదే! నువ్వు ఆడదానివేనా?"

"పదేళ్లుగా కాదనే కదా అంటున్నారు," అంది వరహాలక్ష్మి. కాగితం తీసి కామేశం ముందు పెట్టింది. "'నా శరీరంలోని లోపం' అన్న చోట కొట్టెయ్యండి. పక్కన రాయండి. లోపం భర్తది. పందొమ్మిది వందల డెబ్బయ్యొకటి నుంచి భర్తకు తెలుసు. మీ దస్తూరీ బాగుంటుంది కదా, స్పష్టంగా రాయండి. కింద మీ సంతకం. మీదే పెట్టండి."

కామేశం రాశాడు. కలం రెండుసార్లు ఆగింది. రెండుసార్లూ ఆమె కదలకుండా ఎదురుచూసింది. పరదేశి పెట్టె కింద పెట్టి, సాక్షిగా వంకర అక్షరాలతో పేరు రాశాడు.

"ఇంక నువ్వు సంతకం పెట్టి వెళ్లిపోతావా?" కామేశం అడిగాడు.

"వెళ్లాలో ఉండాలో నేను ఆలోచించి చెప్తాను. మీరు చెప్పరు, అత్తయ్యగారు చెప్పరు, వకీలు చెప్పడు. ఈ కాగితం మాత్రం నా పెట్టెలో ఉంటుంది." మడత పెడుతూ ఆగింది. "ఒక్కటి అడుగుతాను. వెయ్యి పేర్లున్నాయి లోకంలో. ఆ రెండూ ఎందుకు రాయించేరు?"

కామేశం కలం బల్ల మీద పెట్టాడు.

"గుమస్తా పిల్లల పేర్లు అడిగేడు. వేరే పేర్లు నోటికి రాలేదు."

ఆమె కళ్లు అప్పుడు తడిశాయి. ఆయన అది చూసి ఒక అడుగు ముందుకు వేశాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"కుట్లిప్పించుకోండి. సీము పడుతుందిట."

పరదేశి ఆయన్ని గదిలోకి తీసుకెళ్లాడు. తలుపు మూసుకుంది.

గణపతిరావు మరిచిపోయిన హల్వా పొట్లం బల్ల మీదే ఉంది. వరహాలక్ష్మి దారం తెంపింది. ఆకు విప్పితే నెయ్యి వాసన గదంతా వచ్చింది. ఒక ముక్క విరిచింది.

"ఒసే, ఇవాళ శుక్రవారం!" కమలాంబ కింద నించే కేకేసింది. "సంతానం ఉపవాసం! ఏడేళ్ల వ్రతం చెడగొడతావా?"

"ఎవరి సంతానం అత్తయ్యగారూ?"

ముక్క నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఏడేళ్లుగా శుక్రవారం పగటిపూట ఆ నోట్లోకి తీపి వెళ్లలేదు. రెండో ముక్క విరిచి, పరదేశికని ఆకుమీద పక్కన పెట్టింది. మూడోది తనే తింది.