బీరప్ప పొట్టేలికి పట్టిన గోమార్లు

మూడో పిల్ల కూడా పోయిందంటే సత్తమ్మ నమ్మలేకపోయింది. నిన్న సాయంత్రం తల్లి పొదుగు కింద దూరి పాలు తాగిన గొర్రెపిల్ల, పొద్దున దొడ్డి తడిక తీసేసరికి కాళ్లు బారజాపి పడి ఉంది. పెదవి ఎత్తి చూసింది. చిగుళ్లు సున్నం పూసినట్టు తెల్లగా ఉన్నాయి. ఒంట్లో చుక్క నెత్తురు లేదు.

ఆమె కేకకు భర్త ఐలేశం పరుగున వచ్చాడు. ఆయన వెనకే కోడలు ఉమారాణి. మొగుడితో కల్వకుర్తిలో కిరాయి ఇంట్లో ఉంటూ అక్కడి పశువుల దవాఖానలో పని చేస్తుంది. ఆదివారం కదా అని నిన్ననే ఊరికి వచ్చింది.

ఉమారాణి చీర కుచ్చిళ్లు దోపుకుని ఇంకో పిల్లను ఒళ్లోకి లాక్కుంది. చెవి మడత వెనక నుంచి నెత్తురు తాగే గోమారిని ఒకదాన్ని పట్టి లాగి, స్టీలు పళ్లెంలో వేసింది.

"గోమారే గదనే! గొర్రెకు గోమారి కొత్తనా? మొన్ననే మందు గొట్టిన," అంది సత్తమ్మ.

"ఏం మందు, అత్తమ్మా?"

"పత్తికి గొడ్తం సూడు, గదే. నీళ్లు జర ఎక్కువే కలిపిన."

ఉమారాణి చేతిలోని పిల్లను వదిలేసింది. "గొర్రెల మీద పత్తి మందా! గోమార్ల సంగతేమో గని, గొర్రెలే సస్తయ్ గద!"

"పురుగుకు పురుగుల మందు గొట్టిన. తప్పేంది?"

"గిది పురుగని ఎవరన్నరు? కాళ్లు లెక్కవెట్టు."

సత్తమ్మ వంగి చూసింది. ఒకటి, రెండు... ఎనిమిది. మళ్లీ లెక్కపెట్టింది. ఎనిమిదే. పళ్లెం అంచున ఒక చీమ పోతోంది. ఉమారాణి దాన్ని చూపించింది.

"చీమను సూడు. తల, నడిమిట్ల రొమ్ము, ఎనక కడుపు. మూడు తునకలు, ఆరు కాళ్లు, నెత్తి మీద రెండు మీసాలు. గిప్పుడు గోమారికి తల యాడుందో సూపియ్యి."

సత్తమ్మ ఎంత వెతికినా తల కనిపించలేదు. ముందు చిన్న మూతి, ఆ వెనక అంతా ఒకే సంచి. మీసాలూ లేవు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి గొర్రెల మధ్యే బతికింది. వేల గోమార్లను గోటితో నలిపింది. దానికి విడిగా తల లేదన్న సంగతి ఇన్నేళ్లూ కంటపడలేదు.

"తేలుకు గూడ ఎనిమిదే, సాలీడుకు గూడ ఎనిమిదే. గిది వాటి పాలోల్లది. చీమల వంశం గాదు."

"తేలు పాలోల్లదా!" సత్తమ్మ చేయి నోటి మీదికి పోయింది.

ఉమారాణి గొర్రెపిల్లను మళ్లీ పట్టుకుని, దాని పొట్ట కింద గసగసాలంత వాటిని ఫోనులో ఫొటో తీసి, పెద్దది చేసి చూపించింది. "మరి వీటికి ఆరే ఉన్నయ్ గదే?" అంది సత్తమ్మ.

"గవి గోమారి పిల్లలు. పుట్టినప్పుడు ఆరే. ఒకపారి నెత్తురు దాగి కుబుసం ఇడిస్తె ఎనిమిదైతయ్. పిల్లలే గిన్నున్నయంటె, గుడ్లు పెట్టే తల్లులు యాడ్నో గుంపువడ్డయ్. మందల అసలు కత్తెర, మందు ముట్టందేమన్న ఉన్నదా, మామా?"

సత్తమ్మ చూపు దొడ్డి మూలకు పోయింది. అక్కడ నల్లటి బొచ్చు నేలకు వేలాడుతూ బీరప్ప పొట్టేలు నిలబడి ఉంది.

కరోనా ఏడాది ఐలేశం దవాఖానలో ఊపిరి అందక కొట్టుకుంటుంటే కులదైవం బీరప్పకు సత్తమ్మ మొక్కిన మొక్కు అది. బీరప్ప పండుగ దాకా దానికి కత్తెర తగలదు, మందు పడదు. మొక్కిన జీవం మీద పసుపు నీళ్లు చల్లినప్పుడు అది ఒళ్లంతా విదిలిస్తే జడ్తి ఇచ్చిందంటారు, దేవుడు ఒప్పుకున్నట్టు. ఈ పొట్టేలైతే నీళ్లు చల్లకుండానే పొద్దూ మాపూ విదిలిస్తుంది. పక్కింటి గుర్వమ్మ వచ్చి దండం పెట్టి పోతుంది. సత్తమ్మ ఎన్నోసార్లు దాని ముందు కొబ్బరికాయ కొట్టింది.

ఉమారాణి వెళ్లి దాని మెడ దగ్గర బొచ్చు పాయ తీసింది.

చర్మం కనిపించలేదు. ఆముదం గింజలు కుప్ప పోసినట్టు, ఒకదాని మీద ఒకటి, బూడిద రంగులో ఉబ్బిన గోమార్లు. పొట్టేలు ఒళ్లు విదిలించింది. నాలుగు రాలి కింద పడ్డాయి.

"గందుకే ఇదిలిస్తాంది, అత్తమ్మా," అంది ఉమారాణి మెల్లగా.

"జర నోరు సూసుకోని మాట్లాడు," అన్నాడు ఐలేశం. "గది దేవుని మాట."

సత్తమ్మ పొట్టేలు కళ్లలోకి చూసింది. అది గోక్కోలేక అల్లాడుతుంటే తాను చేతులు జోడించి నిలబడింది. ఎన్ని దినాలు!

"కత్తెర దే బిడ్డా."

"ఏందే సత్తీ! మొక్కు తప్పితె నా పానం..." అన్నాడు ఐలేశం.

ఆ ప్రాణం కోసమే కదా సత్తమ్మ మొక్కింది. ఒక్క క్షణం కళ్లు మూసుకుంది.

"బీరప్ప గొర్లు కాసిన దేవుడే గద," అంది చివరికి. "గొర్రె దురద ఆయనకు తెల్వదా? నాకే తెల్వలే. తప్పయితె నా మీద వెయ్యమంట, నీ మీద గాదు."

ఉమారాణి తెచ్చిన కత్తెరతో మొదటి కత్తిరింపు పైపైనే వేసింది. రెండోదానికి బొచ్చు చాపలా ఊడి వచ్చింది. కింద తోలంతా పుండ్లు. వెనక్కి అడుగేసేసరికి మడమ కింద ఏదో చిట్లింది. చూస్తే నెత్తురు. దేవునికని ఇన్నేళ్లు దాచిన నెత్తురు.

పొట్టేలు గింజుకుంది. ఆమె ఒక్కదాని చేతికి ఆగలేదు. ఇంతసేపూ ముఖం తిప్పుకుని నిలబడ్డ ఐలేశం వచ్చి రెండు కొమ్ములూ గట్టిగా పట్టుకున్నాడు.

"చెవి కింద గూడ ఉన్నయ్," అన్నాడు. "అటు మర్లు."