ఏడూ నలభై నాటి చుక్క

బిరిబో కౌన్సిలు ఆఫీసు రేకుల మీద కూర్చొని, వాననీటిలో ముంచిన గుడ్డతో సోలారు పలకల మీది ఉప్పు తుడుస్తున్నాడు. పైనుంచి కిందికి, మళ్ళీ పైనుంచి కిందికి. అడ్డంగా తుడిస్తే గీతలు పడతాయని ఆరేళ్ళ కిందట రాజధాని దీవి తరావా నుంచి వచ్చిన మేష్టారు చెప్పాడు. ఆ మాట అతను ఒక్కనాడూ తప్పలేదు. తుడిచినా ఈ రోజు పెద్దగా ఒరిగేదేమీ లేదని అతనికి తెలుసు. నాలుగు రోజులుగా ఆకాశం తడి గోనెపట్టాలా వేలాడుతోంది. వాన అప్పుడే వెలిసింది, మబ్బు మాత్రం కదలలేదు.

కింద ఇసుకలో అడుగుల చప్పుడు వినిపించింది. బావ తనియేర భుజాన ఇంధనం డబ్బాతో పడవ వైపు వెళుతున్నాడు. ఈ వాతావరణానికి ఊళ్ళో మరెవరూ వేటకు బయల్దేరలేదు.

"ఏం బామ్మర్దీ, మబ్బులు కూడా తుడుస్తున్నావా?"

"తుడిచేవాణ్ణే బావా, నిచ్చెన చాల్లేదు. పెట్టె తీసుకున్నావా?"

తనియేర మెడలో తాడుకు వేలాడుతున్న పచ్చరంగు పెట్టెను ఎత్తి చూపించాడు. "ఇదిగో. పందికి కట్టినట్టు కట్టావుగా."

"మీట నొక్కావా?"

"నొక్కానయ్యా. నేనెక్కడున్నానో నాకు తెలుసు. నీకు తెలియడం కోసం ఇది మొయ్యాలి నేను."

"పొద్దంతా చూస్తుంటాను."

"చూడు చూడు. పెద్ద చేప పడితే నీ తెర మీద అది కూడా కనబడుతుందేమో!"

దిబ్బ చేరగానే వెలిగించే మొగలాకు చుట్టను చెవి మీద సర్దుకుని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. పడవలో ఉన్నంతసేపూ ఆ పెట్టె పది నిమిషాలకోసారి తానున్న చోటును అంకెల్లో పంపుతుంది. కౌన్సిలు ఆఫీసు వెనక పొడవాటి గడకు కట్టిన తీగ ఆ కబురు అందుకుంటుంది. రిసీవరు దాన్ని లాప్‌టాప్‌కి చేరవేస్తుంది. తెర మీద సముద్రపు పటంలో ఒక చుక్క వెలుగుతుంది. రెండేళ్ళపాటు తనియేర ఆ పెట్టెను ముట్టుకోనన్నాడు. "నువ్వు సముద్రం మీద ఉన్నంతసేపూ నేను తెర ముందు నుంచి లేవను" అని బిరిబో మాటిచ్చాకనే మెడలో వేసుకున్నాడు.

బిరిబోకి యాభై ఆరేళ్ళు. పొట్టి మనిషి, వంగిన భుజాలు. కుడికన్ను చిన్నప్పటినుంచీ మసక. ఆ కన్ను వల్లే ఇరవయ్యో ఏట ఓడ ఉద్యోగపు పరీక్ష తప్పాడు. ఈడువాళ్ళంతా పరాయి దేశాల సరుకు ఓడలెక్కి, గడియారాలతో, తోలు బూట్లతో తిరిగివచ్చారు. అతను కౌన్సిలులో గుమాస్తాగా చేరి పుట్టినవాళ్ళ పేర్లూ పోయినవాళ్ళ పేర్లూ రాశాడు. ఆరేళ్ళ కిందట ఈ యంత్రం వచ్చినప్పుడు ఇంకెవరూ ముందుకు రాలేదు కనుక అతనికే అప్పగించారు. ఈ ఆరేళ్ళలో దారి తప్పిన పడవలు మూడు దొరికాయి. వెతికి తెచ్చినవాళ్ళకు సమావేశపు పాకలో విందులు చేసి పూలదండలు వేశారు. బిరిబో ఓ మూల కూర్చొని చేప తల తిని వచ్చాడు. దానికి అతను నొచ్చుకోలేదు. చుక్క చూపిన చోటనే పడవ ఉండటం అతనికి చాలు.

లోపలికొచ్చి బ్యాటరీ చూశాడు. ముప్ఫయ్యొకటి శాతం.

అతని అసలు పని ఇక్కడ మొదలవుతుంది. లాప్‌టాప్‌లో ఉన్న ఒక్కొక్క పరికరానికీ ఒక్కొక్క పుట ఉంటుంది. ఆ పుటలో ఓ చిన్న గడి ఉంటుంది: కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపడానికి కంప్యూటరుకు అనుమతి ఇస్తున్నారా అని. గడిలో టిక్కు ఉంటే, పనిలేదనుకున్నప్పుడు యంత్రం ఆ పరికరాన్ని నిద్రపుచ్చుతుంది. కెమెరాకు టిక్కు, స్పీకరుకు టిక్కు, ప్రింటరుకు టిక్కు. రిసీవరు తగిలించిన సాకెట్టుకు మాత్రం ఎన్నడూ టిక్కు పెట్టకూడదు. అది బిరిబో తనకు తానుగా పెట్టుకున్న నియమం. మేష్టారు మూడు రోజుల్లో నేర్పిన పాఠంలో అతను అన్నిటికంటే గట్టిగా పట్టుకున్న ముక్క అదే.

ఈ రోజు ఆ సాకెట్టు వదులైపోయింది. ఉప్పుగాలికి లోపల ఆకుపచ్చ తుప్పు పట్టింది. తీగ కదిలితే చాలు రిసీవరు దీపం ఆరిపోతోంది. దూదితో తుడిచి చూశాడు, లాభం లేకపోయింది. తీగ పీకి లాప్‌టాప్ అవతలి పక్క సాకెట్టుకు తగిలించాడు. దీపం వెలిగింది. కాసేపటికి తనియేర చుక్క తెర మీదికొచ్చి, పది నిమిషాలకో అడుగు చొప్పున పడమటి పగడపు దిబ్బ వైపు సాగింది. బిరిబో గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.

ఏడున్నర దాటేసరికి బ్యాటరీ ఇరవై నాలుగుకు దిగింది. సాయంత్రం దాకా నిలవాలంటే ఇంకా బిగించాలి. ఆదా పద్ధతిని అన్నిటికంటే గట్టిదానికి మార్చి, తెర వెలుగు బాగా తగ్గించాడు. పావుగంటకోసారి తెర లేపి, చుక్క చూసి, మళ్ళీ ఆర్పుతూ కూర్చున్నాడు.

తొమ్మిదింటికి అక్క అకెనేటి ఉడికించిన పనసకాయ ముక్కలు ఆకులో చుట్టి తెచ్చింది. తనియేర భార్య ఆవిడ. వచ్చి గడపలోనే నిలబడిపోయింది.

"ఎక్కడున్నాడ్రా?"

"పడమటి దిబ్బ దగ్గర. రా, చూడు."

"నాకేం తెలుస్తుంది అందులో. రాత్రంతా ఎడం చెయ్యి లాగుతోందన్నాడు. పోవద్దు మొర్రో అంటే వింటేనా! కొబ్బరినూనె రాయించుకుని పోయాడు."

బిరిబో చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తెర లేపి చూశాడు. చుక్క అక్కడే ఉంది.

"కదలట్లేదక్కా. దిబ్బ మీద కుదురుగా కూర్చున్నాడంటే చేప బాగా పడుతున్నట్టే. ఇంటికెళ్ళి కడుపునిండా తిను."

"నిజంగానా?"

"ఇదిగో, కళ్ళముందే ఉన్నాడుగా."

ఆవిడ భుజాలు కిందికి దిగాయి. "వచ్చాక చెబుతా ఆయన పని" అంటూ వెళ్ళిపోయింది.

పన్నెండున్నరకు మళ్ళీ వచ్చింది. ఈసారి గడప దగ్గర ఆగలేదు. "పోటు దిగిపోతోంది. ఇప్పుడు రాకపోతే దిబ్బ దాటి లోపలికి ఎలా వస్తాడు? ఆ మాత్రం తెలియదా ఆయనకి?"

బిరిబో తెర లేపాడు. చుక్క అక్కడే ఉంది. సరిగ్గా అక్కడే.  కట్టేసిన పడవ కూడా గాలికి ఇటూ అటూ ఊగుతుంది. ఊగితే చుక్క వెంట్రుకవాసైనా జరగాలి. ముక్కు తెరకు ఆనేంత దగ్గరగా వంగి, చుక్క కింద ఉన్న సన్నటి అంకెలు మంచి కంటితో చదివాడు. ఏడూ నలభై.

కొత్త కబురు వచ్చేదాకా పాత చుక్క అలాగే నిలిచి ఉంటుంది. పొద్దుటినుంచీ తను చూస్తున్నది పాత చుక్కను.

రిసీవరు వైపు తిరిగాడు. దీపం లేదు. తీగ గట్టిగానే ఉంది. పరికరాల జాబితా తెరిచాడు. పాత సాకెట్టు పుటలో టిక్కు లేదు, ఎప్పటిలాగే. కొత్త సాకెట్టు పుట తెరిచాడు. గడిలో టిక్కు ఉంది.

ఇన్నేళ్ళూ ఆ నియమం రిసీవరుదనుకున్నాడు. అది సాకెట్టుది. తీగ మార్చాడు గాని గడి చూడలేదు. పైగా ఆదా పద్ధతి బిగించింది తనే. యంత్రం అతను ఇచ్చిన అనుమతి ప్రకారమే నడుచుకుంది.

"ఏమైందిరా? మొహం అలా పెట్టావేం?"

టిక్కు తీశాడు. తీగ పీకి మళ్ళీ గుచ్చాడు. దీపం వెలిగింది. బ్యాటరీ తొమ్మిది.

"పది నిమిషాల్లోపు కబురు రావాలి. ఆ చాప ఇలా ఇవ్వక్కా."

తెర వెలుగు ఆఖరి మెట్టుకు దించేశాడు. పగటి వెలుతురులో ఏమీ కనిపించడం లేదు. ఇద్దరూ తలల మీదుగా చాప కప్పుకొని తెర ముందు కూర్చున్నారు. చాప కింద ఉక్కగా ఉంది. అక్క ఊపిరిలో పొగవాసన తగులుతోంది. ఎనిమిది.

"అక్కా, పొద్దున నీకు చూపించింది ఏడూ నలభై నాటిది. రిసీవరు అప్పుడే నిద్రపోయింది. నేను చూసుకోలేదు."

ఆవిడ తెర మీంచి చూపు తిప్పి అతని వైపు చూసింది.

"తొమ్మిదింటికి నన్ను ఇంటికి పంపించావే."

"పంపించాను."

"తినమన్నావు. తిన్నాన్రా నేను."

"అక్కా..."

"వాగకు. దాన్ని చూడు."

ఆరు. అయిదు. బయట ఎవరిదో పంది అరుస్తోంది. నాలుగుకు వచ్చేసరికి చుక్క ఒక్కసారిగా గెంతింది. దిబ్బ దగ్గర్నుంచి పడమటికి, నడిసముద్రంలోకి, పదహారు కిలోమీటర్లు.

"పెన్సిలందుకో!" అని అంకెలు చదివాడు. అకెనేటి చాపలోంచి చెయ్యి బయటపెట్టి పనసకాయ తెచ్చిన ఆకు మీద రాసింది. రెండోసారి చదివి సరిచూసుకుంటుండగానే తెర నల్లబడిపోయింది.

బిరిబో ఆ ఆకు పట్టుకుని పరుగెత్తాడు. శంఖం ఊదారు. ఊళ్ళో పెద్ద ఇంజను ఉన్న పడవ కబూటాది. అతను మరో ఇద్దర్ని ఎక్కించుకున్నాడు. బిరిబో కూడా నీళ్ళలోకి దిగి పడవ అంచు పట్టుకున్నాడు.

"వదులు బిరిబో. వచ్చేటప్పుడు ఇంకో మనిషి పడుకునే చోటుండాలి" అన్నాడు కబూటా.

వదిలేశాడు. మొలలోతు నీళ్ళలో అలాగే నిలబడ్డాడు. నీరు మోకాళ్ళకు దిగింది, మడమలకు దిగింది. అతను కదలలేదు. వెనక ఇసుకలో అకెనేటి మోకాళ్ళ మీద గడ్డం ఆనించి కూర్చుంది. వెళ్ళి ఆవిడ పక్కన కూర్చునే ధైర్యం అతనికి లేకపోయింది.

నాలుగు గంటలప్పుడు రెండు పడవలు కనిపించాయి, ముందొకటి, దానికి తాడుతో కట్టి వెనకొకటి. కబూటా లేచి నిలబడి ఉన్నాడు గాని చెయ్యి ఊపడం లేదు. దిబ్బ అంచున దిగి, మనుషులు ఆ చిన్న పడవను లోతు తక్కువ నీళ్ళలో నడిపించుకొచ్చారు. తనియేర అడుగుపలక మీద పక్కకు తిరిగి పడుకుని ఉన్నాడు. ఎవరో ముఖం మీద చొక్కా కప్పారు.

"అతని ఇంజనుకేం కాలేదు" అన్నాడు కబూటా, ఎవరి ముఖమూ చూడకుండా. "ఒక్క లాగుకే అంటుకుంది. అంకెలు కూడా తప్పలేదు బిరిబో. ఇంచుమించు అక్కడే ఉన్నాడు."

నర్సు రిటియా వంగి చొక్కా తొలగించి చూసింది. మెడ దగ్గరా మణికట్టు దగ్గరా చెయ్యి పెట్టింది. "గుండె" అంది.

"ఎప్పుడమ్మా?" అన్నాడు బిరిబో.

"చెప్పలేనన్నా. ఒళ్ళంతా తడిసి ఉంది. పొద్దున్నే అయినా అయ్యుండొచ్చు."

"ఇందాక కూడా అయ్యుండొచ్చా?"

రిటియా ఆ చేతిని మెల్లగా పలక మీద పెట్టింది. బిరిబో అందరి వైపూ తిరిగాడు. "అంకెలు తప్పలేదు గాని ఆలస్యంగా ఇచ్చాను. దాదాపు అయిదు గంటలు. రిసీవరు ఆగిపోయింది, నేను చూసుకోలేదు. తప్పు యంత్రానిది కాదు."  కబూటా తల దించుకున్నాడు. 

అకెనేటి లేచి వచ్చింది. ముందు భర్త మెడలోని తాడు విప్పి, ఆ పెట్టెను బిరిబో చేతికిచ్చింది. తరవాత చొక్కా మళ్ళీ సర్దింది.

"అవన్నీ తరవాత చెప్దువుగాని. నడుం దగ్గర పట్టు. వీళ్ళకి చాతకాదు, ఎత్తేటప్పుడు ఆయనకి అక్కడ నొప్పి."

బిరిబో నడుం కింద చేతులు పెట్టాడు. బావ అంత బరువుంటాడని అతనికి తెలియదు. అందరూ కలిసి ఎత్తి, ఇసుక ఎక్కి, ఇళ్ళ వైపు మోసుకెళ్ళారు.

పడవను ఎవరూ పైకి లాగలేదు. అది ఓ పక్కకు ఒరిగి ఒడ్డునే ఉండిపోయింది. కూర్చునే పలక సందులో, తడి తగలని చోట, ఎండిన మొగలాకుతో చుట్టిన చుట్ట ఒకటి ఇంకా అంటించకుండానే ఉంది.