మినుకుమనే గీత

అద్దాల గది బయట చెప్పులు విడిచి, కొంగు నడుముకు బిగించి, సారమ్మ మెత్తటి గుడ్డతో కంప్యూటరు మీది దూదినుసి తుడుస్తూ ఉంది. తలుపులు ఎంత బిగించినా, పత్తి గింజలు తీసే జిన్నింగు హాలు నుంచి ఆ నుసి ఎలాగో లోపలికి వస్తూనే ఉంటుంది. ఆదోనిలో ఆ పత్తి మిల్లులో పనిచేసే వాళ్ళ కనురెప్పల మీద, అన్నం డబ్బాల మూతల మీద, చివరికి కలల్లో కూడా అదే ఉంటుందని సారమ్మకు ఒక్కోసారి అనిపించేది.

ఆమెకు నలభై దాటి చాలా ఏళ్ళయింది. బక్కపలచటి మనిషి. ఒక కాడ విరిగిన కళ్ళద్దాలకు నల్లదారం కట్టుకుంది. టైపు మిషను మీద ఏళ్ళ తరబడి కొట్టీ కొట్టీ చూపుడువేళ్ళ కొసలు కాయలు కాచి నున్నబడ్డాయి. ఎమ్మిగనూరు క్రైస్తవ మిషను బడిలో చదువుకుని, టైపు పరీక్ష పాసై, పెళ్ళయిన కొత్తలో ఈ మిల్లులో చేరింది. మొగుడు బళ్ళారికి పనికని పోయి అక్కడే ఇంకొక సంసారం పెట్టుకున్నాడు. ఆమె మాత్రం అదే కుర్చీలో ఉండిపోయింది. కిందటేడు కంప్యూటరు వస్తే కుర్చీని ఈ చల్లగదిలోకి మార్చారు, అంతే.

దసరాకు అన్ని యంత్రాలతో పాటు దీనికీ ఆయుధపూజ చేయాలని ఆఫీసు పెద్ద శేషన్న పట్టుబట్టాడు. ఇద్దరు హమాలీలు దాన్ని ఎత్తుకొచ్చి హాల్లో తక్కెడల పక్కన పెట్టారు. ఆఫీసు ఊడ్చే హుసేనమ్మ పసుపూ కుంకుమా చిక్కగా కలిపి తక్కెడకూ, టైపు మిషనుకూ, బీరువాకూ, దీనికీ వరసగా బొట్లు పెట్టింది. కదిలించే ముందు లోపలి డిస్కును కదలకుండా చేయాలని ఎవరికీ తోచలేదు. సారమ్మకూ గుర్తు రాలేదు. పండగ వెళ్ళినప్పటి నుంచీ కంప్యూటరు సరిగా పని చేయడం లేదు.

హైదరాబాదు ఇంజనీరు నిన్న ఫోన్లో ఒక దారి చెప్పాడు. తన జబ్బును తానే వెతికి బాగుచేసుకునే ఏర్పాటు దాంట్లోనే ఉందట. ఫలానా మాటలు కొట్టి వదిలేస్తే డిస్కంతా తడుముకుంటూ పోతుందట. అడిగిన ప్రశ్నకు అవునని జవాబివ్వాలి. మధ్యలో ఆపితే ఉన్నది కూడా పోతుంది.

సారమ్మ ఆ మాటలు కొట్టింది. తెర మీద పచ్చటి అక్షరాలు ఒక వరస వచ్చాయి. ఒక ప్రశ్న వచ్చింది. అవునంది. ఇంకొక వరస సగం వచ్చి ఆగింది. దాని చివర చిన్న గీత మినుకుమినుకుమంటూ ఉంది.

అప్పుడే హుసేనమ్మ చంకలో గుడ్డలమూటతో వచ్చి అద్దం మీద వేలితో కొట్టింది. జిన్నింగు హాల్లో ఇరవై ఏళ్ళు దూది మింగిన మనిషి. దగ్గు మొదలయ్యాక ఊడ్చే పనికి మార్చారు. ఈ నెల రోజులుగా నాలుగడుగులు వేస్తే గోడ పట్టుకుంటూ ఉంది. కర్నూలు పెద్దాసుపత్రిలో సారమ్మ చిన్నమ్మ కూతురు నర్సు. ఇవాళ తీసుకొస్తే ఊపిరితిత్తుల డాక్టరుకు తానే చూపిస్తానంది. మధ్యాహ్నం బస్సుకు పోవాలి.

"ఏమే, మీ సల్లగది పెండ్లికూతురు ఇంగా లేయలేదా?" అంది హుసేనమ్మ తలుపు సందులోంచి.

"అయిపోతాదక్కా. దాని రోగం అదే ఎతుక్కుంటాంది."

"అట్లయితే కర్నూలుకు ఎందుకే పోయేది? దాన్నే తెచ్చి నా ఎదమీద పెట్టు!" అని నవ్వబోయి దగ్గింది. దగ్గు తగ్గాక వరండాలో బిగించి కట్టిన దూది బేలుకు ఆనుకుని కూర్చుంది. అద్దంలోంచి ఆమె వీపు, నెరిసిన ముడి కనిపిస్తూ ఉన్నాయి.

ఎంతసేపైనా వరస ముందుకు పోలేదు. సారమ్మ ఒక మీట నొక్కింది. ఇంకొకటి నొక్కింది. పెట్టె మీద అరచెయ్యి పెట్టి చూసింది, వెచ్చగా ఉంది. లోపల ఫ్యాను మూలుగుతూనే ఉంది. గీత మినుకుమంటూనే ఉంది. ప్రాణం ఉన్నట్టే ఉంది.

శేషన్న వచ్చి ఆమె చేతిని చూసి అదిరిపడ్డాడు. "ముట్టుకోవద్దు తల్లీ, దండం పెడతా! మిల్లు హాజరంతా దాంట్లోనే ఉంది. ఓనరుకు నేనేం జవాబు సెప్పల్ల?"

"అక్కను కర్నూలుకు తీసకపోవల్ల సార్. మజ్జానం బస్సుకు..."

"బస్సులకేం కొదవమ్మా? సాయంత్రం దాకా ఉంటాయి. హైదరాబాదుకు ట్రంకుకాలు బుక్ చేసినా. లైను వచ్చిందాకా కూచో. దానికి నీ చెయ్యే అలవాటు."

ఆ మాటకు సారమ్మ కూర్చుంది. కూర్చోమంటే కూర్చోవడం ఆమెకు అంత అలవాటు.

మధ్యాహ్నం బస్సు పోయింది. వాచ్‌మన్ హనుమన్న వరండాలోకి వచ్చాడు. "పా అవ్వా, నేను తోడొస్తా."

"నువ్వా? బస్టాండులో ఉగ్గాని బజ్జీ కనపడితే నన్ను మరిసేపోతావు. సారమ్మ రానీ. అది పక్కనుంటేనే నేను సూది ఏయించుకునేది."

సారమ్మ బయటికి వచ్చి నీళ్ళు తాగించింది. హుసేనమ్మ పెదవులు నల్లబడి ఉన్నాయి. "పోతావా అక్కా, హనుమన్నతో?"

"ఇంగొంచేపే కదా. కూచుంటాలే. నీ పని చూసుకోపో." ఆమె సారమ్మ చేతిని తోసింది. ఆ తోపులో బలం లేదు.

సారమ్మ మళ్ళీ లోపలికి వెళ్ళి గీతను చూస్తూ కూర్చుంది. పెళ్ళయిన రెండో ఏట, ఇదే మిల్లులో టైపు కొడుతూ కొడుతూ ఆమె పొత్తికడుపు పట్టుకుని నేలమీద పడిపోయింది. జిన్నింగు హాల్లోంచి పరుగెత్తుకొచ్చింది హుసేనమ్మే. మేస్త్రీ వెనక నుంచి అరుస్తూ ఉంటే తిరిగి చూడలేదు. ఎవరినీ అడగలేదు. బేళ్ళు తోసే బండి లాక్కొచ్చి, దాంట్లో ఆమెను పడుకోబెట్టి, బజారంతా తానే తోసుకుంటూ ఆసుపత్రికి పోయింది. బిడ్డ దక్కలేదు, సారమ్మ దక్కింది. ఆ రోజు పని వదిలి పోయినందుకు హుసేనమ్మను కొన్నాళ్ళు గేటులోకి రానియ్యలేదు. ఆ మాట ఆమె ఎప్పుడూ ఎత్తలేదు.

లేచిపోవాలి, అనుకుంది సారమ్మ. ఈ వరస కదిలితే చాలు, అనుకుంది. గీత మినుకుమంది.

ఎండ వరండా దాటి గేటు మీదికి ఎక్కినప్పుడు లైను కలిసింది. శేషన్న ఫోను తీగ సాగినంత దూరం లాగి తలుపు దగ్గర ఆమె చేతికిచ్చాడు.

"ఆగిపోయిందా, నడుస్తూ ఉందా?" అని అడిగాడు ఇంజనీరు.

"నడుస్తానే ఉంది సార్. గీత మినుకుమంటాంది."

"ఆ గీతను నమ్మకండి. లోపల పని చచ్చినా అది మినుకుమంటూనే ఉంటుంది. ముందువైపు చిన్న ఎర్ర దీపం ఉంటుంది. అదేం చేస్తోంది?"

"దీపమేం లేదు సార్."

"ఉంటుందండీ. కుడిపక్కన, కింద చూడండి."

అక్కడ గట్టిగా ఎండిపోయిన హుసేనమ్మ బొట్టు ఉంది. సారమ్మ ఫోను శేషన్న చేతిలో పెట్టింది. కొంగు కొస నాలుకతో తడిపి, ఒక్క క్షణం ఆగి, బొట్టు తుడిచింది. పసుపు పెళ్ళ రాలింది. దాని కింద సెనగగింజంత దీపం వెలుగుతూ ఉంది. ఆరడం లేదు, మినుకుమనడం లేదు. ఊరికే వెలుగుతూ ఉంది. ఫోను తీసుకుని అదే చెప్పింది.

"నడుస్తుంటే అది ఆరుతూ వెలుగుతూ ఉండాలి. అట్లయితే పని పొద్దున్నే ఇరుక్కుపోయింది. ఆపేయండి."

"ఆపితే ఉన్నదంతా పోతుందంటిరి కదా సార్?"

"పోయేది అప్పుడే పోయిందండీ. ఇంతసేపు ఎందుకు కూర్చున్నారు?"

సారమ్మ స్విచ్చి కట్టేసింది. గీత పోయింది. ఫ్యాను మూలుగు ఆగాక ఆ గది ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో ఆమెకు తెలిసింది. వరండాలోంచి దగ్గు కూడా వినిపించడం లేదు.

"అక్కా, లెయ్. పోదాం పా," అంటూ చెప్పులు లేకుండానే బయటికి వచ్చింది. "అయిపాయ. పా, సాయంత్రం బస్సుంది."

హుసేనమ్మ తల బేలు మీదికి వాలి ఉంది. నిద్రపోతున్న మనిషిలాగే ఉంది. మెడ మీద దూదినుసి తుడవబోయిన సారమ్మ చెయ్యి, అక్కడే ఆగిపోయింది.

ఆమె పక్కన కూర్చుని, జారిన పైట సరిచేసి, భుజం మీద చెయ్యి వేసి అట్లాగే ఉండిపోయింది. హనుమన్న తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. శేషన్న వచ్చి, చూసి, మిల్లు జీపు తెప్పించాడు. పొద్దుటి నుంచీ అది గేటు దగ్గర ఊరికే నిలబడే ఉంది.

వాళ్ళు హుసేనమ్మను ఎత్తి ఎక్కిస్తుంటే మూటతో పాటు సారమ్మ కూడా జీపెక్కింది. ఈసారి ఎవరినీ అడగలేదు.

దుమ్ము అణిగాక వరండాలో బేలు మాత్రమే మిగిలింది. దాని మీద, హుసేనమ్మ పిడికిలి విప్పుకున్న చోట, బస్సులో వాంతులు కాకుండా వాసన చూసుకోవడానికి తెచ్చుకున్న నిమ్మకాయ ఉంది. ఎదురుచూస్తూ ఎదురుచూస్తూ గిచ్చిన గోటిగాట్లు దాని నిండా ఉన్నాయి, తడిగా ఉన్న గాట్లకు దూదినుసి అంటుకుంటూ ఉంది.