లష్‌కోమ్ దొర ఇచ్చిన మాట

ఇంగ్లండులో కెంట్ తీరాన ఉన్న ఒక సైనిక దండులో కెప్టెన్ ఎవరార్డ్ లష్‌కోమ్‌ను మించి బ్యాటు పట్టేవాడు లేడని పదేళ్లుగా అందరూ అంటూ వచ్చారు. ఆయన కూడా ఆ మాట నమ్మాడు. ముప్పై నాలుగేళ్లొచ్చినా ఒక్క యుద్ధమూ చూడలేదు. పేరంటూ ఉంటే అది క్రికెట్ వల్ల వచ్చిందే.

ఆ జూన్‌లో ఆఫీసర్లకూ సిపాయిలకూ ఆట పెట్టారు. లష్‌కోమ్‌ను జిల్లా జట్టులోకి తీసుకోవచ్చా అని చూడడానికి ఆ జట్టు కార్యదర్శి పెంబుల్ పనిగట్టుకుని వచ్చాడు. కల్నల్ భార్య గొడుగు కింద కూర్చుని ఉంది. మొదటి బంతి వేసినవాడు లష్‌కోమ్ కంపెనీలోనే ఉన్న ఏమోస్ థర్కెటిల్, ఇటుక బట్టీలో పనిచేసి సైన్యంలో చేరినవాడు. బంతి నేల తాకి లోపలికి తిరిగింది. బ్యాటు పట్టుకున్న లష్‌కోమ్ వెనక వికెట్లలో మధ్య కర్ర ఎగిరి అవతల పడింది.

కల్నల్ భార్య నవ్వింది. అది పెద్ద నవ్వేమీ కాదు, కానీ లష్‌కోమ్‌కు వినిపించింది.

సాయంత్రం టీ దగ్గర పెంబుల్ అడిగింది లష్‌కోమ్ గురించి కాదు. "ఆ సిపాయిని మాకిచ్చెయ్యండి కెప్టెన్. జీతమిచ్చి ఆడించుకుంటాం. సైన్యం నుంచి విడుదల కాగితం మీద మీరు సంతకం పెడితే చాలు."

చుట్టూ అందరూ వింటున్నారు. లష్‌కోమ్ చిరునవ్వు నవ్వాడు. "దానికేం భాగ్యం. సెప్టెంబరు ఆఖరున నా చేత్తోనే పంపిస్తాను. ఇది నా మాట. అందాకా వాడు నాకు బంతులేస్తాడు, నా ఆటా బాగుపడుతుంది."

అందరూ చప్పట్లు కొట్టారు. ఏమోస్ టోపీ తీసి పట్టుకుని నిలబడ్డాడు.

మర్నాటి నుంచి కవాతు అయ్యాక రోజూ రెండు గంటలు. జూలైలో అది నాలుగు గంటలైంది. మొదట్లో లష్‌కోమ్‌కు ఆ బంతులు అందేవి కావు. నెల తిరిగేసరికి వాటిలో వేగం తగ్గింది. తన ఆట మెరుగుపడిందని ఆయన మొదట నిజంగానే అనుకున్నాడు.

ఒకరోజు భోజనాల దగ్గర దండు డాక్టరు క్రెయిల్ ఆయన పక్కన కూర్చున్నాడు. "నీ బంతులవాడు నా దగ్గరికొచ్చాడు. ఇంకో నెల ఇలాగే సాగితే వాడు ఆ చేత్తో చెంచా కూడా ఎత్తలేడు."

"అంతేనా? ఇంకో నెలా?" అని లష్‌కోమ్ మామూలుగా అడిగి, మాంసం ముక్క కోసుకున్నాడు. ఆ మాట వినడం ఆయనకు హాయిగా ఉంది. ఎందుకో ఆయనకు తెలుసు. మర్నాడు ఇంకో గంట పెంచాడు.

ఆగస్టు మధ్యలో ఏమోస్ బంతి పట్టుకుని ఆగిపోయాడు. "దొరా, ఒక్క వారం వదిలెయ్యండి. మీ కాళ్లు పట్టుకుంటాను."

"నేనేమైనా బలవంతం చేస్తున్నానా? వద్దనుకుంటే మానెయ్యి. కాగితం సంగతీ మానేద్దాం."

ఏమోస్ వెనక్కి నడిచి, పరిగెత్తుకొచ్చి బంతి వేశాడు. వేసినప్పుడు నోటి నుంచి చిన్న మూలుగు వచ్చింది. లష్‌కోమ్ ఆ మూలుగు కోసం ఎదురుచూడడం అలవాటు చేసుకున్నాడు.

సెప్టెంబరు ఆఖరున, అన్నట్టే, సంతకం పెట్టాడు. అందరి ముందూ ఏమోస్ కుడిచేతిని పట్టుకుని గట్టిగా ఊపాడు. ఏమోస్ ముఖం సున్నంలా పాలిపోయింది. లష్‌కోమ్ పెద్దమనసు గురించి ఆ రాత్రి విందులో రెండుసార్లు మాట్లాడుకున్నారు.

మరుసటి మే నెలలో జిల్లా జట్టుకు ఒక మనిషి తక్కువై లష్‌కోమ్‌ను పిలిచారు. ఆయన అరవై మూడు పరుగులు చేశాడు. పెంబుల్ భుజం తట్టి, "మీరు పంపినవాడు మాత్రం ఎందుకూ పనికిరాలేదండీ. బంతి అవతలి కొసకే చేరడం లేదు. జాలిపడి మైదానంలో గడ్డి పనికి పెట్టుకున్నాం" అన్నాడు.

జనం వెళ్లిపోయాక లష్‌కోమ్ బ్యాటుతో మళ్లీ మైదానంలోకి వచ్చాడు. ఏమోస్ మోకాళ్ల మీద కూర్చుని ఎడమచేత్తో కలుపు పీకుతున్నాడు.

"నా ఆట చూశావా?"

"లేదు దొరా. వెనక షెడ్డులో పనిలో ఉన్నాను."

"అరవై మూడు."

"అలాగా దొరా."

ఏమోస్ ఇంకో కలుపు మొక్క పీకాడు. లష్‌కోమ్ కాసేపు ఎదురుచూశాడు. అరవై మూడులో ఉన్న సంతోషమంతా ఆ రెండు ముక్కలతో చప్పబడిపోయింది. జేబులోంచి బంతి తీసి ఏమోస్ ముందు గడ్డిలో పడేశాడు. "ఒక్కటి వెయ్యి. పాత రోజుల గుర్తుగా."

"నా చేత కాదు దొరా. మీకు తెలుసు."

"వెయ్యమన్నాను. పెంబుల్ గారిని పిలిచి అడగమంటావా, నీకిక్కడ పనుండాలో వద్దో?"

ఏమోస్ లేచి కుడిచెయ్యి ఎత్తబోయాడు. అది భుజం దాకా కూడా లేవలేదు. ఎడమచేత్తో బంతిని నేల మీద దొర్లించాడు. సగం దారిలో అది ఆగిపోయింది. లష్‌కోమ్ అక్కడిదాకా నడిచి వెళ్లి, కదలకుండా ఉన్న బంతిని కంచె దాకా బలంగా కొట్టాడు.

"తీసుకురా" అన్నాడు.

ఏమోస్ నడవడం మొదలుపెట్టాడు.