పాదాలు బాగున్నాయి

ప్రేమమ్మకు పొద్దున్నుంచీ ఒళ్ళు మండుతూనే ఉంది. మిరపకోతల్లో ఒక రోజు కూలి పోగొట్టుకుని, పరగడుపున ఆస్పత్రికి వచ్చింది. షుగరూ బీపీ ఉన్నవాళ్ళకు ఏడాదికోసారి రక్తం, మూత్రం, కళ్ళు, పాదాలు అన్నీ ఒక్కపూటలో, ఒక్కచోటే చూస్తారట. మంచి మాటే. మంచి మాటను మంటగలపడంలో మనవాళ్ళను మించినవాళ్ళు లేరు.

పాదాలు చూడాల్సిన బల్ల దగ్గర వెంకటనారాయణ అనే ఉద్యోగి తలెత్తకుండానే ఆమె కార్డు లాక్కుని, రిజిస్టరులోనూ కార్డు మీదా "బాగున్నాయి" అని గీకి తోసేశాడు.

"చూడకుండానే రాశావేంది సారూ?"

"సాయంత్రంలోగా అరవైమందివి ఎక్కించాలమ్మా. నడిచే వచ్చావుగా? జరుగు, జరుగు."

ప్రేమమ్మ జరగలేదు. పోయినేడు ఇదే బల్ల దగ్గర ఈ మనిషే ఆమె మొగుడు యేసుపాదానికీ బాగున్నాయనే రాసిచ్చాడు. యేసుపాదం ఇరవయ్యేళ్ళు గోతాల్లో మిరపకాయలు కాళ్ళతో తొక్కి కుక్కినవాడు. అరికాళ్ళు మండుతున్నాయంటే ఇంట్లో అంతా కారమే అనుకున్నారు, కొబ్బరినూనె రాశారు. మంట తగ్గిందన్న రోజు దేవుడికి స్తోత్రం కూడా చెప్పుకున్నారు. మంటతోపాటే స్పర్శా పోయిందని ఎవరికి తెలుసు? గోతాలు కుట్టే దబ్బనం ముక్క విరిగి పాదంలో దిగినా అతనికి తెలియలేదు. చివరికి గుంటూరులో మోకాలి కిందికి కాలు తీసేశారు.

"నీ కాయితంలో నా మొగుడికి ఇంకా రెండు కాళ్ళున్నయ్ సారూ! ఇంట్లో ఒకటే ఉంది!"

చెప్పు విదిలించి, మట్టి కొట్టుకున్న తన కాలు ఎత్తి అతని రిజిస్టరు పక్కన బల్లమీద పెట్టింది. "కళ్ళుంటే చూడు!"

"కొవ్వెక్కిందా?" అంటూ వెంకటనారాయణ లేచాడు. ఆ గోలకు లోపల్నుంచి డాక్టరు హారిక వచ్చింది. చిన్న వయసు పిల్ల. సంగతి వినేసరికి ఆమె మొహం ఎర్రబడింది. వెంకటనారాయణను ఒక్క చూపు చూసి, ప్రేమమ్మను కుర్చీలో కూర్చోబెట్టింది.

"కళ్ళు మూసుకో అమ్మా. దారంతో పాదం తాకిస్తా, తగిలినప్పుడల్లా చెప్పు."

ప్రేమమ్మ కళ్ళు మూసుకుంది. తన కాళ్ళకేం, రాళ్ళలా ఉన్నాయి. ఈ మనిషి పరువు తీయడానికే ఆమె పట్టుదల. దారం ఎప్పుడు తగులుతుందా అని చాలాసేపు ఎదురుచూసింది.

"మొదలుపెట్టవేంది తల్లీ?"

హారిక దారం పక్కన పెట్టింది. "పదిచోట్ల తాకించానమ్మా. అరికాళ్ళలో మంటలేమైనా వచ్చేవా?"

"కోతల్లో రావా? ఈ నెల్లోనే తగ్గినయ్..." అని ఆగిపోయింది. అది యేసుపాదం అన్న మాటే. ఆమె వంగి తన అరికాలు చేత్తో తడుముకుంది.

"పుండు లేదు, భయపడకు. జాగ్రత్తగా ఉంటే కాళ్ళు నిలుపుకోవచ్చు" అంది హారిక.

భయం కన్నా కోపమే ముందు పొంగింది ప్రేమమ్మకు. వరుసవైపు తిరిగి, "ఏంది అట్టా చూస్తారు? అందరూ చెప్పులు విప్పండి! కాలు చూడందే కార్డు ఇయ్యమాకండి!" అని అరిచింది. ఒక్కొక్కరూ వంగి చెప్పులు విప్పసాగారు.

హారిక రిజిస్టరు లాక్కుని పొద్దుట రాసిన మొదటి పేరు పిలిచింది. ఎవరూ పలకలేదు. రెండోది పిలిచింది, మూడోదీ పిలిచింది. బాగున్నాయన్నారు కదా అని వాళ్ళంతా ఎప్పుడో మిరపచేలల్లోకి వెళ్ళిపోయారు.